మెథడ్‌లోకి వచ్చింది ఏ ఆబ్జెక్ట్? బేలు1, బేలు2 తేడా జావాకు ఎట్లా తెలుస్తుంది

తమ్ముడూ, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమయ్యేలా ముందు నీ ప్రశ్న నా మాటల్లో చెప్తాను. ఒంగోలులో బీటెక్ చదువుతూ, పొగాకు వేలం మీద జావాలో ప్రాజెక్టు చేస్తున్నావు. 'బేలు' (అంటే పొగాకు కట్ట) అని ఒక క్లాస్ రాశావు. అందులో రైతు పేరు, బరువు, గ్రేడ్, ధర ఉన్నాయి. మెయిన్‌లో బేలు1, బేలు2 అని రెండు ఆబ్జెక్టులు తయారు చేశావు. రెండూ ఒకే రైతువి, రెండూ 120 కిలోలు, గ్రేడ్ కూడా ఒకటే. వాటిని 'ధరనమోదు' అనే మెథడ్‌కు ఒకదాని తర్వాత ఒకటి పంపుతున్నావు. మెథడ్‌లో పారామీటర్ పేరు 'బే'. వచ్చింది బేలు1 అయితే ఒక పని, బేలు2 అయితే ఇంకో పని జరగాలి. నువ్వు రాసుకున్న ఈక్వల్స్ (రెండు ఆబ్జెక్టులు సమానమా అని చెప్పే మెథడ్)తో పోలిస్తే రెండిటికీ నిజం అనే వస్తోంది. ప్రింట్ చేస్తే క్లాస్ పేరు, @ గుర్తు, దాని వెనక ఏవో అంకెలు, అక్షరాలు వస్తున్నాయి. ఎవరో హ్యాష్‌కోడ్ (ఆబ్జెక్టును అడిగితే వచ్చే ఒక పూర్ణసంఖ్య) చూడమన్నారు. వచ్చే వారం వైవా, టెన్షన్‌గా ఉంది అని రాశావు.

సూటిగా చెప్తాను. 'బేలు1' అనే పేరు మెథడ్‌కు తెలియదు, తెలుసుకోవడానికి నమ్మదగిన దారీ లేదు. ఫలానా ఆబ్జెక్టే వచ్చిందా అన్నది మాత్రం == తో చూడొచ్చు. అయితే నీ ప్రాజెక్టుకు నిజంగా కావాల్సింది ఇవేవీ కాదు. ప్రతి బేలుకూ ఒక నంబరు ఉండాలి, అది ఆబ్జెక్ట్ లోపలే ఉండాలి.

(ఇక్కడ క్లాసులకూ వేరియబుల్స్‌కూ తెలుగు పేర్లే రాస్తున్నాను. కీవర్డ్‌లు, జావాలో ముందే ఉన్న పేర్లు తప్ప మనం పెట్టుకునే పేర్లన్నీ తెలుగు లిపిలో రాసినా జావా కంపైలర్ ఒప్పుకుంటుంది. ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చెయ్. జావా 18 కంటే పాతదైతే, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని కంపైలర్‌కు కూడా చెప్పాల్సి రావచ్చు.)

పేరు ఎందుకు తెలియదో ముందు బాగా అర్థం చేసుకో. వైవాలో అడిగేది కూడా ఇదే. 'న్యూ' అని రాసినప్పుడు ఆబ్జెక్ట్ హీప్‌లో, అంటే ఆబ్జెక్టులు ఉండే మెమరీ భాగంలో, తయారవుతుంది. బేలు1 అనే వేరియబుల్‌లో ఆ ఆబ్జెక్ట్ ఉండదు, దాన్ని చేరుకునే రిఫరెన్స్ మాత్రమే ఉంటుంది. మెథడ్‌ను పిలిచినప్పుడు ఆ రిఫరెన్స్ కాపీ అయి 'బే' అనే కొత్త వేరియబుల్‌లో పడుతుంది. ఒకే మనిషి ఫోన్ నంబరును మీ అమ్మ 'చిన్నోడు' అని, నీ స్నేహితుడు 'రూమ్మేట్' అని సేవ్ చేసుకున్నారనుకో. ఎవరు డయల్ చేసినా ఫోన్ అతనికే వెళ్తుంది, కానీ ఎవరి ఫోన్‌లో తన పేరు ఏమని ఉందో అతనికి తెలియదు. ఆబ్జెక్ట్ సంగతీ అంతే. తనను పట్టుకున్న వేరియబుల్స్ ఎన్నో, వాటి పేర్లేమిటో దానికి తెలియదు.

జావాలో పాస్ బై రిఫరెన్స్ (కాపీ కాకుండా అసలు వేరియబుల్‌నే మెథడ్‌కు ఇవ్వడం) ఉందని కొన్ని క్లాసుల్లో చెప్తుంటారు. లేదు. జావాలో ఎప్పుడూ పాస్ బై వాల్యూయే, కాకపోతే ఆబ్జెక్టుల విషయంలో కాపీ అయ్యే ఆ వాల్యూ ఒక రిఫరెన్స్. నువ్వే చేసి చూడు. మెథడ్ లోపల 'బే'కు కొత్తగా ఒక న్యూ బేలు ఇచ్చెయ్. బయటికి వచ్చాక బేలు1 పాత ఆబ్జెక్టునే చూపిస్తుంది, ఏమీ మారదు. ఇప్పుడు ఆ లైను తీసేసి, 'బే' ద్వారా ధర మార్చు. బయట బేలు1 ధర మారిపోయి ఉంటుంది. మారింది ఆబ్జెక్ట్, వేరియబుల్ కాదు. ఈ రెండు ఫలితాలూ కలిపి చెప్పగలిగితే వైవాలో ఆ ప్రశ్న దాటినట్టే.

ఇక పేరు సంగతి. కంపైల్ అయ్యాక లోకల్ వేరియబుల్స్ బైట్‌కోడ్ (కంపైలర్ తయారు చేసే కోడ్)లో స్లాట్ నంబర్లుగా మారిపోతాయి. డీబగ్ సమాచారంతో కంపైల్ చేస్తే పేర్లు క్లాస్ ఫైలులో మిగులుతాయి గానీ అవి డీబగ్గర్ కోసం. జావా 8లో వచ్చిన 'పారామీటర్స్' అనే కంపైలర్ ఆప్షన్ పెడితే రిఫ్లెక్షన్ (ప్రోగ్రాం నడుస్తూనే తన క్లాసుల వివరాలు చూసుకునే సదుపాయం) ద్వారా పారామీటర్ పేరు దొరుకుతుంది. ఆ దొరికేది కూడా 'బే' అనే, 'బేలు1' అని కాదు. అసలు అన్ని ఆబ్జెక్టులకూ పేరు ఉంటుందా? మెథడ్ బ్రాకెట్లలోనే న్యూ బేలు అని రాస్తే దానికి ఏ పేరూ లేదు. ఒక రైతు తెచ్చిన బేళ్లన్నీ అరేలిస్ట్‌లో పెట్టి లూప్ తిప్పితే బేలు1, బేలు2 అన్న మాటే ఉండదు. నీ ప్రాజెక్ట్ రెండు బేళ్ల దగ్గర ఆగదు కదా, రేపో ఎల్లుండో లిస్ట్‌లోకి మారక తప్పదు. పేరు మీద ఆధారపడి రాసిన కోడ్ ఆ రోజు మొత్తం తిరగరాయాలి.

ఇప్పుడు == సంగతి. రెండు రిఫరెన్సులు ఒకే ఆబ్జెక్టును చూపిస్తున్నాయా అన్నదే ఇది చెప్తుంది, లోపల ఏముందో చూడదు. నీ ఉదాహరణలో బేలు1 == బేలు2 అబద్ధం. అయితే మెథడ్ లోపల దీన్ని వాడాలంటే పోల్చడానికి రెండోది అందుబాటులో ఉండాలి. బేలు1 మెయిన్‌లో లోకల్ కాబట్టి 'ధరనమోదు'కు కనపడదు. దాన్ని రెండో పారామీటర్‌గా పంపాలి, లేదా ఎక్కడో ఫీల్డ్‌లో దాచాలి. ఉదాహరణకు ఆ రోజు ఎక్కువ ధర పలికిన బేలును ఒక ఫీల్డ్‌లో పెట్టుకుని, వచ్చింది అదేనా అని == తో చూడటం సరైన వాడుకే. ఈనమ్ (ముందే ఖాయం చేసిన కొన్ని విలువల జాబితా) విలువలను పోల్చడానికి == వాడటమే మంచిది. ఈక్వల్స్ మెథడ్ మొదటి లైనులో, రెండూ ఒకే ఆబ్జెక్ట్ అయితే వెంటనే నిజం అని తిరిగిపోవడానికీ వాడతారు.

కానీ == దగ్గర ఒక గుంట ఉంది, నీలాంటి ప్రాజెక్టుల్లో చాలామంది పడేది అందులోనే. బేలు నంబరును 'ఇంట్' అని కాకుండా 'ఇంటీజర్' అని డిక్లేర్ చేసి, రెండు నంబర్లను == తో పోల్చావనుకో. 50వ బేలుకు బాగా పనిచేస్తుంది, 100కు పనిచేస్తుంది, 127కూ పనిచేస్తుంది. 128 దగ్గర అబద్ధం అంటుంది. కారణమేమిటంటే -128 నుంచి 127 వరకు ఉన్న సంఖ్యలకు జావా ముందే తయారు చేసిన ఇంటీజర్ ఆబ్జెక్టులనే మళ్లీ మళ్లీ ఇస్తుంది, అది దాటితే మామూలుగా ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ వస్తుంది. పది బేళ్లతో టెస్ట్ చేసి, బాగుందని సబ్మిట్ చేసి, ఎగ్జామినర్ ముందు పెద్ద ఫైల్ లోడ్ చేసినప్పుడే ఇది బయటపడుతుంది. స్ట్రింగ్ కూడా ఇట్లాంటిదే. కోడ్‌లో కోట్స్ మధ్య నేరుగా రాసిన ఒకే స్ట్రింగ్‌లకు == నిజం అంటుంది, ఎందుకంటే అవి ఒకే పూల్ నుంచి వస్తాయి. అదే రైతు పేరును స్కానర్‌తోనో ఫైలు నుంచో చదివితే అబద్ధం అంటుంది. నంబరుకు 'ఇంట్' వాడు. స్ట్రింగ్‌కు ఈక్వల్స్ వాడు. శూన్యం, అంటే నల్, వచ్చే అవకాశముంటే 'ఆబ్జెక్ట్స్' క్లాస్‌లో ఉన్న ఈక్వల్స్ వాడు.

హ్యాష్‌కోడ్ చూడమన్నవాళ్ల సలహా మాత్రం పాటించకు. @ తర్వాత కనపడేది, నువ్వు వేరే ఏమీ రాయనప్పుడు, ఆ ఆబ్జెక్ట్ హ్యాష్‌కోడ్‌ను హెక్సాడెసిమల్‌లో రాసిన రూపం. అది మెమరీ అడ్రస్ అని చాలా చోట్ల రాసి ఉంటుంది, నమ్మకు. గార్బేజ్ కలెక్టర్ (అక్కర్లేని ఆబ్జెక్టుల మెమరీని ఖాళీ చేసేది) ఆబ్జెక్టులను మెమరీలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు జరుపుతూనే ఉంటుంది, అయినా ఆ విలువ మారదు. మనం మామూలుగా వాడే హాట్‌స్పాట్ జేవీఎం (జావా ప్రోగ్రాంను నడిపించే సాఫ్ట్‌వేర్)లో, మొదటిసారి అడిగినప్పుడు ఒక యాదృచ్ఛిక సంఖ్యను తయారు చేసి ఆబ్జెక్ట్ హెడర్‌లో దాచుకుంటారు. 64 బిట్ యంత్రం మీద దాని పొడవు 31 బిట్లు. అంటే రెండు వేర్వేరు ఆబ్జెక్టులకు ఒకే విలువ రావచ్చు. లెక్క వేసి చూస్తే, అట్లాంటి సంఖ్యలు సుమారు 55 వేలు తీసుకుంటే చాలు, వాటిలో ఏదో ఒక జత కలిసే అవకాశం సగానికి సగం. ఒక సీజన్ బేళ్లన్నీ లోడ్ చేసే ప్రోగ్రాంకు ఆ సంఖ్య చేరడం పెద్ద కష్టం కాదు. పైగా ప్రోగ్రాం మళ్లీ రన్ చేస్తే అదే బేలుకు అదే విలువ వస్తుందన్న హామీ లేదు, కాబట్టి డేటాబేస్‌లో దాచుకోవడానికీ పనికిరాదు. 'సిస్టమ్' క్లాస్‌లో ఉన్న ఐడెంటిటీ హ్యాష్‌కోడ్ మెథడ్ కూడా ఇదే విలువ ఇస్తుంది. నువ్వు హ్యాష్‌కోడ్‌ను సొంతంగా రాసినా అది పాతదాన్నే చూపిస్తుంది, అంతే తేడా. డీబగ్గింగ్‌లో కళ్లతో చూడటానికి సరే, ప్రోగ్రాం నిర్ణయాలు తీసుకోవడానికి కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు రాసిన ఈక్వల్స్ రైతు పేరు, బరువు, గ్రేడ్ మూడూ కలిస్తే నిజం అంటోంది. మీ నాన్న టంగుటూరు వేలం కేంద్రానికి బేళ్లు తోలతారని రాశావు. ఆయన్నే అడుగు: రెండు బేళ్లు ఒకే బరువు, ఒకే గ్రేడ్ తూగితే అవి ఒకే బేలా? కాదు. రెండిటికీ వేరువేరుగా డబ్బు రావాలి. నీ ప్రోగ్రాంలో ఆ రోజు వచ్చిన బేళ్లను హ్యాష్‌సెట్ (సమానమైనవాటిలో ఒక్కదాన్నే ఉంచుకునే సెట్)లో పెడితే, హ్యాష్‌కోడ్‌ను కూడా ఆ మూడు ఫీల్డుల నుంచే రాసి ఉంటే, రెండో బేలు సెట్‌లోకి వెళ్లదు. ఎర్రర్ రాదు, ఎక్సెప్షన్ రాదు. 120 కిలోల పొగాకు లెక్కలో నుంచి మాయమవుతుంది, రైతుకు ఒక బేలు డబ్బు తక్కువ పడుతుంది. అందుకే నేను దీన్ని సింటాక్స్ ప్రశ్నగా తీసుకోవడం లేదు. 'ఏ బేలు' అన్నదానికి జవాబు వేలం కేంద్రంలో ఏదో, ప్రోగ్రాంలోనూ అదే ఉండాలి.

నువ్వు హ్యాష్‌కోడ్ రాయలేదని నీ ప్రింట్ చూస్తే అనిపిస్తోంది, ఎందుకంటే రెండిటికీ @ తర్వాత వేరువేరు విలువలు వస్తున్నాయన్నావు. అది ఇంకో చిక్కు. ఈక్వల్స్ నిజం అన్న రెండు ఆబ్జెక్టులకు హ్యాష్‌కోడ్ ఒకటే ఉండాలన్నది జావా నియమం. ఒకటి రాసి రెండోది వదిలేస్తే హ్యాష్‌సెట్, హ్యాష్‌మ్యాప్ ఎట్లా ప్రవర్తిస్తాయో చెప్పలేం.

కాబట్టి బేలు క్లాస్‌లో 'నంబరు' అని ఒక ఫైనల్ ఫీల్డ్ పెట్టు. కన్‌స్ట్రక్టర్‌లో తప్పనిసరిగా తీసుకో. దానికి సెట్టర్ రాయకు. ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రెండూ ఆ నంబరు ఒక్కదాని మీదే రాయి. బరువు, గ్రేడ్, ధర వాటిలోకి రాకూడదు. టుస్ట్రింగ్ (ప్రింట్ చేస్తే ఏం కనపడాలో చెప్పే మెథడ్)లో నంబరు, రైతు పేరు, బరువు వచ్చేలా రాస్తే @ గోల కూడా పోతుంది. ఇప్పుడు 'ధరనమోదు' లోపల వచ్చింది ఏ బేలో బే నుంచి నంబరు అడిగితే తెలిసిపోతుంది. వేరియబుల్ పేరుతో పనే లేదు.

బరువు ఎందుకు రాకూడదంటే, మారేది కాబట్టి. హ్యాష్‌కోడ్‌లో బరువు ఉందనుకో. బేలును హ్యాష్‌సెట్‌లో పెట్టాక తూకం సరిచేసి 120ని 118 చేశావు. ఆ తర్వాత ఈ బేలు సెట్‌లో ఉందా అని అడిగితే లేదు అంటుంది. లూప్ తిప్పి చూస్తే మాత్రం అక్కడే ఉంటుంది. పాత హ్యాష్‌కోడ్ ప్రకారం పెట్టిన గదిలో అది ఉంది, వెతికేది కొత్త హ్యాష్‌కోడ్ ప్రకారం. ఈ బగ్ పట్టుకోవడానికి గంటలు పడుతుంది.

నంబరు ఎక్కడి నుంచి రావాలి? అసలు సిస్టమ్ అయితే బేలుకు కట్టిన చీటీ మీది నంబరే రావాలి, లేదా డేటాబేస్ ఇవ్వాలి. టెస్టింగ్ కోసమైతే క్లాస్‌లో స్టాటిక్‌గా ఒక అటామిక్ ఇంటీజర్ (లెక్క తప్పకుండా పెంచుకునే కౌంటర్) పెట్టుకుని ప్రతి కొత్త బేలుకూ ఒకటి పెంచుకుంటూ పో. ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెడితే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుందని మర్చిపోకు. ఒంగోలు, వెల్లంపల్లి, కొండపి, ఇటు నెల్లూరు జిల్లాలో కలిగిరి, డీసీపల్లి కేంద్రాలన్నిటినీ ఒకే ప్రోగ్రాంలో చూపించాలనుకుంటే నంబరు ఒక్కటే సరిపోదు. రెండు కేంద్రాల్లో ఒకే నంబరు ఉండొచ్చు కాబట్టి కేంద్రం కోడ్, సీజన్, నంబరు మూడూ కలిపి గుర్తింపుగా తీసుకోవాలి. ఆ మూడింటికీ కలిపి 'బేలుగుర్తు' అని ఒక రికార్డ్ (డేటా పట్టుకోవడానికి క్లుప్తంగా రాసే క్లాస్) రాస్తే బాగుంటుంది. జావా 16 నుంచి రికార్డులు పూర్తిస్థాయిలో ఉన్నాయి, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ వాటంతటవే వస్తాయి. బేలును మాత్రం రికార్డ్ చేయకు. రికార్డ్ తన ఫీల్డులన్నిటినీ పోలుస్తుంది, బేలుకు మనకు అది వద్దు.

ఇంకో మాట. 'బేలు1 అయితే ఒక పని, బేలు2 అయితే ఇంకో పని' అన్నావు. ఎందుకు అట్లా కావాలో నీ ప్రశ్న చివర ఒక్క లైనులో ఉంది: బేలు1 ఆ రోజే కొత్తగా వచ్చింది, బేలు2 ముందు ఒకసారి కొనేవాళ్లు లేక వెనక్కి పోయి మళ్లీ వచ్చింది. అంటే నీకు తెలియాల్సింది అది ఏ ఆబ్జెక్ట్ అని కాదు, అది ఏ స్థితిలో ఉంది అని. దీనికి 'స్థితి' అనే ఈనమ్ రాయి: కొత్తది, తిరిగొచ్చింది, అమ్ముడైంది. బేలులో ఆ ఫీల్డ్ పెట్టు. మెథడ్‌లో స్విచ్ ఆ స్థితి మీద రాయి. మూడు వందల బేళ్లు వచ్చినా ఆ స్విచ్‌లో ఒక్క లైను మారదు.

ఇక్కడ కొందరు 'తిరిగొచ్చినబేలు' అని సబ్‌క్లాస్ రాయమంటారు. నేను వద్దంటాను. జావాలో ఒకసారి పుట్టిన ఆబ్జెక్ట్ తన క్లాస్ మార్చుకోలేదు. పొద్దున కొత్తదిగా వచ్చిన బేలు మధ్యాహ్నానికి అమ్ముడుపోక వెనక్కి పోతే, అదే బేలు కోసం ఇంకో ఆబ్జెక్ట్ తయారు చేయాలి, అప్పుడు ఒకే నంబరుతో రెండు ఆబ్జెక్టులు తిరుగుతాయి. పుట్టినప్పటి నుంచి మారని తేడాలకే సబ్‌క్లాస్. అట్లాంటి చోట కూడా ఓవర్‌లోడింగ్‌ను నమ్ముకోకు. 'ధరనమోదు'ను ఒకసారి బేలు టైపుకు, ఒకసారి సబ్‌క్లాస్ టైపుకు రాసి, లిస్ట్‌లోని ఆబ్జెక్టులను పంపిస్తే ఎప్పుడూ మొదటిదే నడుస్తుంది. ఏ ఓవర్‌లోడ్ అన్నది కంపైల్ సమయంలోనే, వేరియబుల్ డిక్లేర్ చేసిన టైపును బట్టి ఖాయమైపోతుంది. అసలు ఆబ్జెక్టును బట్టి రన్‌టైంలో ఎంపికయ్యేది ఓవర్‌రైడ్ చేసిన (సబ్‌క్లాస్‌లో తిరిగి రాసిన) మెథడ్ మాత్రమే.

తిరిగొచ్చిన బేలు గురించి మీ నాన్నను ఇంకో ప్రశ్న కూడా అడుగు. వెనక్కి తెచ్చిన బేలును విప్పి, మళ్లీ గ్రేడ్ చేసి, వేరే ఆకుతో కలిపి కట్టి తెస్తే దాన్ని పాత బేలే అనుకోవాలా, కొత్తదా? కొత్త చీటీ, కొత్త నంబరు ఇస్తారంటే ప్రోగ్రాంలోనూ కొత్త ఆబ్జెక్ట్. పాత నంబరే ఉంటుందంటే బరువూ గ్రేడూ మారినా అదే ఆబ్జెక్ట్. కేంద్రంలో పనిచేసేవాళ్లు చెప్పింది రాసుకుని, దాన్ని నీ రిపోర్టులో ఒక పేరాగా పెట్టు. ఎగ్జామినర్లకు ఇట్లాంటివి నచ్చుతాయి.

రేపు హైబర్నేట్ (డేటాబేస్ వరుసలను జావా ఆబ్జెక్టులుగా తెచ్చే లైబ్రరీ) నేర్చుకున్నప్పుడు ఈ నంబరు విలువ ఇంకా తెలుస్తుంది. ఒకే సెషన్‌లో ఒకే వరుసను రెండుసార్లు తెచ్చుకుంటే ఒకే ఆబ్జెక్ట్ వస్తుంది, వేరే సెషన్‌లో తెచ్చుకుంటే వేరే ఆబ్జెక్ట్ వస్తుంది. బేలు ఒకటే, == మాత్రం అబద్ధం. ఐడెంటిటీ హ్యాష్‌మ్యాప్ అని కూడా ఒకటుంది, ఈక్వల్స్‌ను పట్టించుకోకుండా == తోనే పోల్చే మ్యాప్. ఒకదానికొకటి లింకైన ఆబ్జెక్టుల మీద తిరుగుతూ, ఇప్పటికే చూసినదాన్ని మళ్లీ చూడకుండా ఉండటానికి అది బాగుంటుంది. నీ ప్రాజెక్టుకు అవసరం రాదు.

డీబగ్ చేసేటప్పుడు ఏ ఆబ్జెక్ట్ ఏదో కళ్లతో చూడాలనుకుంటే ఇంటెల్లిజే (జావా కోడ్ రాసే సాఫ్ట్‌వేర్)లో బ్రేక్‌పాయింట్ పెట్టి ఆపు. వేరియబుల్స్ విండోలో ఆబ్జెక్ట్ పక్కన @ తో ఒక నంబరు కనపడుతుంది. రైట్ క్లిక్ చేసి 'మార్క్ ఆబ్జెక్ట్' అంటే నీకు నచ్చిన పేరు తగిలించుకోవచ్చు, అది ఏ మెథడ్‌లోకి వెళ్లినా ఆ పేరుతోనే కనపడుతుంది. ఎక్లిప్స్‌లో కూడా ఐడీ చూపిస్తుంది. ఇవి డీబగ్గర్ ఇచ్చుకున్న నంబర్లు, నీ కోడ్‌కు అందవు.

ఇవాళ రాత్రికి ఈ పని చెయ్. నంబరు ఫీల్డ్ పెట్టి, ఒకే రైతు పేరు, 120 కిలోలు, ఒకే గ్రేడ్, కానీ వేరు నంబర్లతో రెండు బేళ్లు తయారు చేసి హ్యాష్‌సెట్‌లో వెయ్యి, సైజ్ 2 రావాలి. మొదటి బేలు నంబరుతోనే మూడోది వేస్తే కూడా 2 గానే ఉండాలి. మొదటి బేలు బరువు 118 చేసి సెట్‌లో ఉందా అని అడుగు, నిజం రావాలి. ఆఖరికి బేలు నంబరు 128తో కూడా ఒకటి నడిపించు. ఏదైనా తేడా వస్తే ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రెండిటి కోడ్ ఇక్కడ పెట్టు, చూస్తాను.